పదిహేడుకీ ముప్పైకీ నడుమ

రండి, మంట దగ్గరికి జరిగి కూర్చోండి. చలి బాగా ముదిరింది. కేరల్స్‌కి వెళ్ళిన పిల్లలు ఊరంతా తిరిగి వచ్చేసరికి ఏ అర్ధరాత్రో అవుతుంది. ఈలోపు ఆ పిల్లల గురించే నాలుగు కబుర్లు చెప్పుకుందాం. చాలా రోజులుగా నా మనసులో మెదులుతున్న సంగతి ఒకటుంది.

మన ఇళ్ళల్లో ఇరవై దాటిన పిల్లల మాటెత్తితే చాలు, "ముందు సెటిల్ కానివ్వండి" అంటాం. సండే స్కూల్లో పాఠం చెప్పమంటే సెటిలయ్యాక. బైబిలు మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారైనా చదవమంటే సెటిలయ్యాక. పక్కింటి ముసలావిడకి పింఛను కాయితం నింపిపెట్టమన్నా పరీక్షలయ్యాకే. పెద్దవాళ్ళం నేర్పిన ఈ పాటే పిల్లలూ పాడుతున్నారు. డి.ఎస్సీ. కోసం అవనిగడ్డలోనో, బ్యాంకు పరీక్షల కోసం నంద్యాలలోనో, గ్రూప్స్ కోసం చిక్కడపల్లి లైబ్రరీలోనో, కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేట హాస్టల్లోనో ఏళ్ళు గడుపుతున్న కుర్రాణ్ణి పలకరించి చూడండి. "లైఫ్ ఇంకా స్టార్ట్ కాలేదండీ" అంటాడు. పాతికేళ్ళొచ్చిన మనిషి తన బతుకు ఇంకా మొదలే కాలేదంటుంటే నా ప్రాణం చివుక్కుమంటుంది.

వాళ్ళని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. వాళ్ళల్లో చాలామంది తమ వంశంలో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవాళ్ళు. కూలికెళ్ళి, అప్పుచేసి చదివించిన అమ్మానాన్నలు వెనకున్నారు. వాళ్ళకి ఉద్యోగమంటే హోదా కాదు, ఇంటిల్లిపాదికీ అన్నం. కాబట్టి చదువు పక్కన పెట్టి చర్చిలో కూర్చోమని నేను చెప్పబోవడం లేదు. నేననేదల్లా ఒక్కటే. ఉద్యోగానికి ముందు గడిచే ఏళ్ళు లెక్కలోకి రావని మనం అనుకుంటున్నాం చూశారా, దేవుడు అలా అనుకోలేదు. బైబిలు ఆ ఏళ్ళని అంకెలతో సహా రాసిపెట్టింది.

యోసేపు కథే తీసుకోండి. ఆదికాండం ముప్పై ఏడో అధ్యాయంలో కథ మొదలయ్యేటప్పటికి అతనికి 17 ఏళ్ళు. నలభై ఒకటో అధ్యాయంలో ఫరో ముందు నిలబడేటప్పటికి 30. మధ్యలో 13 ఏళ్ళు. సండే స్కూల్లో మనం ఏం చేస్తాం? నిలువుటంగీ దగ్గర కాసేపు ఆగుతాం, అన్నలు గుంటలో పడేసిన చోట ఇంకాసేపు ఆగుతాం, ఆ తర్వాత ఒక్క గెంతులో రాజు రథం దగ్గరికి చేరిపోతాం. పిల్లలకి రథమే గుర్తుంటుంది. కానీ ఆ 13 ఏళ్ళూ ఏమిటి? 20 తులాల వెండికి అమ్ముడుపోవడం, పరాయి దేశం, రాని భాష, ఒకరింట్లో బానిసగా పని, చేయని నేరానికి జైలు. ఇప్పుడు మన పిల్లలు ఏ వయసులో డిగ్రీ చేతికొచ్చి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నారో సరిగ్గా ఆ వయసంతా అతనికి అందులోనే గడిచిపోయింది. మన లెక్క ప్రకారం యోసేపు 30 ఏళ్ళ దాకా సెటిల్ కాలేదు.

అయినా ఆ కథ చదువుతుంటే అతనికి బతుకు మొదలు కాలేదని ఒక్కచోటైనా అనిపించదు. అతన్ని కొనుక్కున్న పోతీఫరు ఇల్లంతా అతని చేతుల మీద నడిచింది. జైల్లో ఖైదీలందరినీ జైలు అధికారి అతనికే అప్పగించాడు. వీటన్నిటికంటే నన్ను కట్టిపడేసేది నలభయ్యో అధ్యాయంలో ఉన్న చిన్న ముచ్చట. ఒక పొద్దున్న యోసేపు ఇద్దరు ఖైదీల దగ్గరికొచ్చాడు. వాళ్ళు రాజుగారి కొలువులో పెద్ద ఉద్యోగాలు చేసి జైల్లో పడ్డవాళ్ళు. వాళ్ళ మొహాలు వాడిపోయి ఉండటం గమనించి, ఇవాళ ఎందుకిలా దిగులుగా ఉన్నారని అడిగాడు. అంతే. ఆ ప్రశ్న అడక్కపోతే వాళ్ళు కలలు చెప్పేవాళ్ళు కాదు. కలలు చెప్పకపోతే వాళ్ళల్లో ఒకడైన పానదాయకుడికి తర్వాతెప్పుడో యోసేపు గుర్తొచ్చేవాడు కాదు. పైగా అతగాడు జైలు దాటగానే యోసేపుని మరిచిపోయాడు కూడా, నిండా రెండేళ్ళు. కాబట్టి లాభం లెక్కవేసుకుని అడిగిన ప్రశ్న కాదది. తనకే బోలెడంత కష్టమున్న కుర్రాడు ఎదుటివాడి మొహం వైపు చూశాడు.

హాస్టల్ గదిలో ఉన్న బాబూ, ఈ సంగతి నీ కోసమే చెబుతున్నాను. పక్క మంచం మీది అబ్బాయి రెండు రోజులుగా మెస్‌కి రావడం లేదని గమనించావా? రిజల్ట్స్ వచ్చిన రాత్రి వాడు ఫోన్ స్విచాఫ్ చేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు, చూశావా? మన రాష్ట్రాల్లో ఇంటర్ ఫలితాలొచ్చిన వారం పేపరు తిరగేయాలంటేనే గుండె దడదడలాడుతుంది. ఆ గదుల్లోకి పాస్టరు గారు రాలేరు, తల్లిదండ్రులు రాలేరు. నువ్వున్నావు. నీ చేతిలో అపాయింట్‌మెంట్ ఆర్డరు లేకపోయినా ఆ పని నీకు అప్పగించి ఉంది. "ఏరా, ఏమైంది? పద, టీ తాగొద్దాం" అనడానికి ఏ పరీక్షా పాసవనక్కర్లేదు.

యేసు ప్రభువు సంగతి చూడండి. 12 ఏళ్ళప్పుడు దేవాలయంలో కనిపించాడు. మళ్ళీ కనిపించేటప్పటికి ఆయనకి 30 ఏళ్ళు ఉంటాయని లూకా రాశాడు. నడుమ 18 ఏళ్ళ గురించి ఆయన తల్లిదండ్రులకు లోబడి ఉన్నాడనీ, జ్ఞానంలోనూ వయసులోనూ దేవుడి దయలోనూ మనుషుల మన్ననలోనూ పెరిగాడనీ చెప్పి లూకా ఊరుకున్నాడు. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఊరివాళ్ళు ఆయన్ని గుర్తుపట్టింది వడ్రంగిగానే. తమ్ముళ్ళ పేర్లు నాలుగు చెప్పారు, చెల్లెళ్ళున్నారనీ అన్నారు. తండ్రి యోసేపు ఆ తర్వాత కథలో ఎక్కడా కనబడడు కాబట్టి చాలామంది పండితులు ఆయన అప్పటికే చనిపోయి ఉంటాడంటారు. అదే నిజమైతే, ఇంటికి పెద్దకొడుకుగా తల్లినీ తమ్ముళ్ళనీ చూసుకుంటూ రంపం పట్టిన యువకుడు మన రక్షకుడు. యేసు నాగళ్ళూ కాడులూ చేసేవాడని రెండో శతాబ్దంలో జస్టిన్ అనే ఆయన రాశాడు. లోకాన్ని రక్షించడానికి వచ్చినవాడు నజరేతులో రైతుల ఎడ్లకి కాడి చెక్కుతూ యౌవనం గడపడం తండ్రియైన దేవుడికి వృథాగా తోచలేదు. ఇంటి బాధ్యత నెత్తిన పడి, పై చదువు మానుకుని, ఏ మెకానిక్ షెడ్డులోనో పనికి కుదిరిన తమ్ముళ్ళకి నేను ఈ మాట మరీ మరీ చెప్పాలనుకుంటాను. ఆయన మీ వయసులో మీలాగే చేతులు కాయలు కాచినవాడు.

సరే, ఇప్పుడు మరో మాట. యౌవనస్థుల కూడిక అనగానే మన ప్రసంగీకులు ప్రసంగి పన్నెండో అధ్యాయం తెరుస్తారు. యౌవనంలోనే సృష్టికర్తని తలుచుకోమని చెప్పే మాట అది. మంచి మాటే. కానీ దానికి సరిగ్గా పైన, పదకొండో అధ్యాయం చివర, అదే ప్రసంగి యువకుణ్ణి సంతోషపడమన్నాడు. నీ గుండె నీకు ఉల్లాసం ఇవ్వనీ అన్నాడు. వీటన్నిటికీ దేవుడు లెక్క అడుగుతాడనీ అన్నాడు. ఈ అధ్యాయాల అంకెలు పదమూడో శతాబ్దంలో పెట్టినవి. ప్రసంగి రాసినప్పుడు నడుమ గీత లేదు. సంతోషమూ, లెక్క చెప్పడమూ, సృష్టికర్తని తలుచుకోవడమూ ఒకే ఊపిరిలో చెప్పిన మాటలు. మనం సగం కోసేసి, పిల్లలకి భయపెట్టే సగమే వడ్డిస్తున్నాం.

అందుకే మన యూత్ మీటింగుల్లో వద్దుల జాబితా అంత పొడుగ్గా ఉంటుంది. సాయంత్రం వాలీబాల్ ఆడితే ఆత్మీయత తగ్గిందంటారు, గట్టిగా నవ్వితే గంభీరత లేదంటారు. నేను ఒప్పుకోను. ఆరోగ్యమున్న ఒళ్ళూ, మెట్లెక్కినా ఆయాసం రాని ఊపిరీ, రాత్రంతా మేలుకుని స్నేహితులతో పాడగలిగే గొంతూ దేవుడిచ్చినవే. ఆ ప్రసంగే తర్వాత ముసలితనాన్ని వర్ణిస్తాడు. వణికే చేతులు, రాలిన పళ్ళు, మసకబారిన చూపు, పిట్ట కూతకే ఉలిక్కిపడి లేచే నిద్ర. ఏదో రోజు వచ్చి తీరే వాటిని అంత వివరంగా ఎందుకు చెప్పాడు? ఒంట్లో బలమున్నప్పుడు ఆనందించు, ఆ ఆనందంలో నన్ను వదిలిపెట్టకు అని దేవుడి కోరిక. పిల్లలు నవ్వుతూ ఆడుతూ దేవుడి దగ్గరుండగలరని నమ్మే పెద్దలు మనకి కావాలి.

ఇప్పుడు మిమ్మల్ని లండన్ తీసుకెళ్తాను, కాసేపే. అక్కడ్నుంచి తిన్నగా మన డోర్నకల్‌కి వద్దాం.

1841లో జార్జ్ విలియమ్స్ అనే పల్లెటూరి కుర్రాడు సెయింట్ పాల్స్ కెథెడ్రల్ దగ్గరున్న ఒక పెద్ద బట్టలకొట్టులో పనికి చేరాడు. వయసు ఇరవైకి అటూ ఇటూ. అప్పట్లో ఆ కొట్ల పనివాళ్ళు పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడి పనిచేసి, ఆ కొట్టు యజమాని ఇచ్చిన ఇరుకు గదుల్లోనే పడుకునేవాళ్ళు. పని అయ్యాక వెళ్ళడానికి సారాకొట్టు తప్ప మరో చోటు లేదు. మన బీసెంట్ రోడ్డులోనో, కోఠీలోనో చీరల షాపుల్లో రోజంతా నిలబడే పిల్లల్ని చూసినవాళ్ళకి ఇదంతా వేరే చెప్పనక్కర్లేదు. విలియమ్స్ తన గదిలో ఒకరిద్దరితో ప్రార్థన మొదలుపెట్టాడు. 1844 జూన్ 6న ఆ గదిలోనే 12 మంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పటికతనికి 22 ఏళ్ళు. అతనూ కొట్టులో పనివాడే. అదే వై.ఎం.సి.ఏ. సికింద్రాబాద్‌లో, నారాయణగూడలో మీరు చూసే ఆ మూడు మూలల గుర్తు వెనక ఉన్నది ఒక బట్టలకొట్టు పనివాడి పడకగది.

ఆ వై.ఎం.సి.ఏ. మద్రాసు చేరింది. 1895లో అందులో కార్యదర్శిగా చేరిన 21 ఏళ్ళ తమిళ కుర్రాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్ళాలన్‌విళై అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి పల్లెటూరి గురువు. చిన్నతనంలోనే ఆయన పోతే తల్లే పెంచింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివాడు కానీ డిగ్రీ చేతికి రాలేదు. ఈ సంగతి బ్యాక్‌లాగ్స్ ఉన్న మన పిల్లలు చెవిన వేసుకోవాలి. డిగ్రీ లేని ఆ కుర్రాడు దక్షిణ భారతమంతా రైళ్ళల్లో తిరుగుతూ విద్యార్థుల్ని కలిశాడు, బైబిలు పాఠాలు చెప్పాడు, కబుర్లాడాడు, విన్నాడు.

1902లో అజరయ్య సముద్రం అవతలి జాఫ్నా వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు కొద్దిమందే. అయినా వాళ్ళు తమ డబ్బుతో, తమ మనుషుల్ని సముద్రం దాటించి తమిళనాడులో సువార్త లేని చోట్లకి పంపుతున్నారు. అది చూసి అతనికి తలకొట్టేసినట్టయింది. తిరునెల్వేలిలో క్రైస్తవులు వేలకి వేలు. తరతరాల సంఘాలు, పెద్ద పెద్ద గుళ్ళు. కానీ తమ ఎల్లలు దాటి ఎవరికోసమూ ఎవరినీ పంపింది లేదు. అదంతా తెల్లదొరల పని అనుకున్నారు. అజరయ్య ఇంటికొచ్చి మరుసటి ఏడే, 1903లో, స్నేహితులతో కలిసి తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించాడు. విదేశీ డబ్బు తీసుకోకూడదు, మనవాళ్ళే నడపాలి, మనవాళ్ళే వెళ్ళాలి. అప్పటికతనికి 28 ఏళ్ళు. వాళ్ళు ఎంచుకున్న చోటు ఏదో తెలుసా? తమ భాష కాని భాష మాట్లాడే నిజాం రాజ్యంలో, మన డోర్నకల్ ప్రాంతం.

కొన్నాళ్ళకి తనకే అనిపించింది, ఇతరుల్ని వెళ్ళమని చెబుతూ తను మద్రాసులో కూర్చోవడం ఏమిటని. 1909లో అజరయ్య గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చేశాడు. 35 ఏళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరులో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ పల్లెల్ని పట్టిన దయ్యాలని చెప్పి ఆయన వాటి మీద జీవితమంతా పోరాడాడు. అణగారిన మాల మాదిగ కుటుంబాల మధ్య, బడులూ సంఘాలూ కట్టుకుంటూ, 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నాడు. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే రైలు డోర్నకల్ జంక్షన్‌లో ఆగితే ఒకసారి దిగి ఆ కెథెడ్రల్ చూడండి. ద్రావిడ శైలీ, ముస్లిం కట్టడాల శైలీ కలగలిపి కట్టించారు. 1939లో ప్రతిష్ఠ జరిగింది.

ఆ గుడి ముందు ఫొటో దిగేవాళ్ళు బిషప్ అజరయ్యనే తలుచుకుంటారు. నేను తలుచుకునేది 21 నుంచి 35 దాకా ఉన్న అజరయ్యని. పెద్ద పదవి లేదు, డిగ్రీ లేదు, ఊరూరూ తిరిగే ఉద్యోగం. ఆ ఏళ్ళల్లో జాఫ్నాలో కళ్ళు తెరుచుకుని చూసినదానికి లోబడ్డాడు కాబట్టే తర్వాతదంతా జరిగింది. బిషప్ అయ్యాక చూద్దాంలే అనుకుని ఉంటే డోర్నకల్ ఎక్కడిది?

భక్త్ సింగ్ గారి పేరు వినని తెలుగు క్రైస్తవ ఇల్లు అరుదు. ఆయన స్థాపించిన హైదరాబాద్ హెబ్రోను సంఘం 1950లో మొదలైంది, తెల్లచీరలూ ప్రేమవిందులూ మనందరికీ తెలుసు. ఆయన పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టారు. 1926లో ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండ్ వెళ్ళారు, తర్వాత కెనడా. 1929లో విన్నిపెగ్‌లో కొత్త నిబంధన చదువుతూ ప్రభువుని తెలుసుకున్నారు. 1933లో తిరిగొచ్చి, బొంబాయిలో తమని కలుసుకున్న తల్లిదండ్రులు ఈ విశ్వాసం రహస్యంగా ఉంచుకోమంటే కాదన్నారు, ఇంటికి దూరమయ్యారు. అప్పటికి ఆయనకి ముప్పై నిండబోతున్నాయి. ఇవాళ డాలస్‌లోనో టొరంటోలోనో నలుగురితో గది పంచుకుని, పార్ట్‌టైమ్ పనిచేస్తూ ఎం.ఎస్. చదివే మన పిల్లలకి నేను చెప్పేది, అమ్మానాన్నా చూడని ఆ దూరదేశంలోనే దేవుడు మనిషిని పట్టుకోగలడు. అక్కడ ఆదివారం తెల్లారాక మిమ్మల్ని లేపేవాళ్ళు లేరు. మీ అంతట మీరు లేచి వెళ్ళిన ఆరాధనే మీ సొంత విశ్వాసం.

ఎవరూ చూడని చోటు అన్నాను కాబట్టి యోసేపు దగ్గరికి ఒకసారి వెళ్ళొద్దాం. పోతీఫరు భార్య తనతో పాపం చేయమని అతన్ని బతిమాలింది ఇంట్లో మనుషులెవరూ లేని వేళ. ఇప్పుడు ఆ మనుషుల్లేని ఇల్లు ప్రతి కుర్రాడి జేబులో ఉంది, రాత్రి పదకొండు దాటాక వెలుగుతుంది. అసభ్యమైన వీడియోల సంగతి అందరూ మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. బెట్టింగ్ యాప్‌ల గురించి మన కూడికల్లో ఎందుకు మాట్లాడరు? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని చట్టం చేసి నిషేధించాయి. అయినా ఐపీఎల్ రోజుల్లో ఎన్ని ఇళ్ళల్లో అమ్మ బంగారం తాకట్టుకి పోయిందో పాస్టరు గార్లనడగండి, చెబుతారు. యోసేపు ఆ ఇంట్లోంచి వాదించుకుంటూ బయటపడలేదు. పరిగెత్తాడు. ఆ యాప్ తీసెయ్యడం, ఫోన్ రాత్రి హాల్లో పెట్టి పడుకోవడం, ఒక అన్నకి నిజం చెప్పడం, ఇవన్నీ ఆ పరుగే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కట్నం మాట కూడా అనేస్తాను, దాచుకుంటే నాకు నిద్రపట్టదు. 1961 నుంచి కట్నం నేరం. మన విశ్వాసుల ఇళ్ళల్లో పెళ్ళి ప్రకటన ఆదివారాల్లో సంఘం ముందు చదువుతారు. బేరం మాత్రం ఎవరూ వినకుండా ముందే అయిపోతుంది. యౌవనస్థుల కూడికలో కన్నీళ్ళతో పాటలు పాడిన అబ్బాయి, డబ్బు మాటొచ్చేసరికి "అవన్నీ నాన్నగారు చూసుకుంటారండీ" అంటాడు. బాబూ, మీ నాన్నగారికి లోబడు, కానీ ఈ ఒక్కచోట ఆయన ముందు వినయంగా నిలబడి వద్దు అను. యౌవనంలో దేవుడి కోసం చేయదగ్గ పని ఏదని నన్నడిగితే, మన రాష్ట్రాల్లో అబ్బాయిలకి దీన్ని మించింది నాకు కనబడదు. ఒక్క ఆడపిల్ల తండ్రి పొలం అమ్ముకోకుండా మిగులుతాడు.

అమ్మాయిల మాట ఇంతవరకూ చెప్పలేదని మీరు అనుకోవచ్చు. రాజుల రెండో గ్రంథం ఐదో అధ్యాయంలో ఒక చిన్న పిల్ల ఉంది. పేరు కూడా రాయలేదు. ఇశ్రాయేలు నుంచి చెరపట్టుకుపోతే సిరియా సేనాపతి నయమాను ఇంట్లో పనిమనిషి అయింది. యజమానికి కుష్ఠు. తన ఊరి ప్రవక్త దగ్గరికి వెళ్తే బాగవుతుందని యజమానురాలికి చెప్పింది. పెద్ద సేనాధిపతి కదిలిపోయాడు ఆ పిల్ల ఒక్క మాటకి. తనని ఇంటికి దూరం చేసినవాళ్ళ మేలు కోరగలిగిన ఆ గుండె ఎంత పెద్దదో చూడండి. కువైట్ ఇళ్ళల్లో పనిచేస్తున్న కడప, కోనసీమ ఆడపడుచులూ, పరాయి ఊళ్ళ ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసే మన నర్సు పిల్లలూ నాకు ఆ కథ చదివినప్పుడల్లా గుర్తొస్తారు. "ఆడపిల్లవి, పెళ్ళయ్యాక నీ అత్తారింటి సంఘంలో చేసుకో" అని వాళ్ళని ఆపకండి. దేవుడు వాళ్ళ మాట ఇప్పుడే వాడుకుంటాడు.

ఇంతవరకూ నిలబడ్డవాళ్ళ కథలు చెప్పాను. పడ్డవాళ్ళ సంగతో? ఒక ఏడాది సేవకి వెళ్ళి నడుమ తిరిగొచ్చేసినవాళ్ళు, ఒక ప్రేమ వ్యవహారంలో దెబ్బతిని చర్చికి మొహం చూపించలేనివాళ్ళు, కీబోర్డు వాయించే చోటు నుంచి చివరి బెంచీకి, చివరి బెంచీ నుంచి బయటికి జరిగిపోయినవాళ్ళు. వాళ్ళ కోసం మార్కు ఉన్నాడు. పౌలు, బర్నబాలతో ఉత్సాహంగా బయల్దేరి, పెర్గే దగ్గర వాళ్ళని వదిలేసి యెరూషలేముకి వెనక్కి వచ్చేశాడు. రెండోసారి బయల్దేరేటప్పుడు అతన్ని తీసుకెళ్దామని బర్నబా అన్నాడు. పౌలు ససేమిరా అన్నాడు. మాటా మాటా పెరిగి ఇద్దరు మహానుభావులు విడిపోయారు. బర్నబా ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని కుప్ర దీవికి ఓడెక్కాడు. చాలా ఏళ్ళ తర్వాత పౌలు జైల్లో ఉండి తిమోతికి రాసిన రెండో పత్రికలో, మార్కుని వెంట తీసుకురా, అతను నా సేవకి పనికొస్తాడు అని అడిగాడు. కాదన్న నోటితోనే అడిగాడు. సంఘం తరతరాలుగా నమ్మేదాన్ని బట్టి, రెండో సువార్త రాసింది కూడా ఆ వెనక్కి వచ్చేసిన కుర్రాడే.

ఈ కథలో బర్నబా మీద నా కళ్ళు నిలిచిపోతాయి. యౌవనంలో కాడి మోయడం మంచిదని విలాపవాక్యాలు చెబుతుంది. పల్లెల్లో చూసినవాళ్ళకి తెలుసు, కొత్త కోడెని కాడికి మరిపేటప్పుడు రైతు దాన్ని మరో కోడెతో జతకట్టడు, పని తెలిసిన ముదురు ఎద్దు పక్కన కడతాడు. ఆ ఎద్దు తొందరపడదు, కోడె బెదిరితే ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. మన సంఘాల్లో కోడెలకేం కొదవ లేదు. పక్కన నడిచే ఎద్దులే దొరకడం లేదు. యౌవనస్థుల్ని కుర్చీలు వేయడానికీ, మైకు సెట్టు మోయడానికీ, క్రిస్మస్ నక్షత్రం కట్టడానికీ పిలుస్తాం. లెక్కలు చూడటానికి పిలవం. రోగుల ఇళ్ళకి వెళ్ళేటప్పుడు వెంటబెట్టుకోం. ఆదివారం ఉదయం వాక్యం చెప్పనివ్వం, చెప్పడం ఎలాగో నేర్పం. వాళ్ళు ఫోన్ చూసుకుంటూ వెనక కూర్చుంటే నొచ్చుకుంటాం.

జనవరిలో మీ సంఘ కమిటీ కూర్చుంటుంది కదా. కొత్త ఏడాదికి కోశాధికారి ఎవరు, సండే స్కూల్ సూపరింటెండెంట్ ఎవరు అని మాటొచ్చినప్పుడు, ముప్పై దాటని పేరు ఒకటి మీరు చెప్పండి. ఉద్యోగం రాని అబ్బాయిదైనా సరే, పెళ్ళి కాని అమ్మాయిదైనా సరే. "వాళ్ళకేం తెలుసండీ, నిన్నగాక మొన్న పుట్టారు" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు మీరు, ఈ ఏడంతా నేను పక్కన కూర్చుని నేర్పిస్తాను, నాదీ పూచీ అని చెప్పండి.